హృదయలేఖనమును సాధించిన విల్లెం ఐంథోవెన్

వైద్యశాలలో రోగి వక్షమునకును చేతులకును కాళ్లకును తీగలు తగిలించి, గళ్లకాగితముపై ఎగుడుదిగుడు గీత నొకదానిని గీయు యంత్రమును మన విద్యార్థులలో పలువురు చూచియే యుందురు. జనులు దానిని ఇ.సి.జి. యని పిలుతురు. ఆ గీతను చూచి వైద్యుడు హృదయము కుదురుగా నున్నదనియో, అపాయములో నున్నదనియో నిశ్చయించును. యంత్రము లోపము హృదయలోపముగా కనబడినచో ఆరోగ్యవంతుడు వృథాగా భయపడును. హృదయలోపమును యంత్రము కప్పివేసినచో రోగి ప్రాణమునకే ముప్పు వాటిల్లును. కావున నడుమ నున్న యంత్రము తన మాట కలుపక హృదయము చెప్పినది మాత్రమే కాగితముపై నుంచవలెను. ఈ కార్యమునకు పెక్కు సంవత్సరములు పాటుపడిన విల్లెం ఐంథోవెన్ అను పండితుని చరిత్రమును ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఐంథోవెన్ 1860వ సంవత్సరము మే 21వ తేదీన జావాద్వీపమందలి సెమరాంగు పట్టణమున జన్మించెను. ఆ కాలమున జావా డచ్చివారి ఏలుబడిలో నుండెను. మన మచిలీపట్నమునందును భీమునిపట్నమునందును పూర్వము వర్తకస్థానములు నెలకొల్పినవారు ఈ డచ్చివారే. తండ్రి యాకోబు ఐంథోవెన్ సెమరాంగులో వైద్యుడు. విల్లెం ఆఱేండ్ల బాలుడై యుండగనే తండ్రి గతించెను. తల్లి ధైర్యము వీడక, 1870లో తన ఆఱుగురు బిడ్డలను వెంటబెట్టుకొని హాలెండు దేశమునకు వచ్చి ఉట్రెక్టు పట్టణమున కాపురముండెను. మగబిడ్డలలో విల్లెమే పెద్దవాడు.

1878లో విల్లెం ఉట్రెక్టు విశ్వవిద్యాలయమున వైద్యవిద్యకై చేరెను. చదువు ముగిసిన పిదప తూర్పుదీవులయందు సైనికవైద్యుడుగా పనిచేయుదునని ఒడంబడి, ప్రభుత్వ విద్యార్థివేతనముతో చదువుకొనెను. ఇతడు వట్టి పుస్తకములకే అంటిపెట్టుకొనినవాడు కాడు. వ్యాయామమునందును కత్తిసామునందును ప్రీతి గలవాడు. పడవ నడుపు విద్యార్థిసంఘమును స్థాపించినవారిలో ఒకడు. ఒకప్పుడు ఆటలో మణికట్టు విఱిగెను. ఊరక కూర్చుండవలసివచ్చిన ఆ దినములను వ్యర్థముచేయక, ముంజేయి ఏ రీతిగా లోపలికిని వెలుపలికిని తిరుగునో పరిశీలించి, మోచేతికీలును గూర్చి తన మొదటి శాస్త్రవ్యాసమును వ్రాసెను. 1885లో రంగులభేదముచేత వస్తువులు దగ్గఱగను దూరముగను కనబడుటను గూర్చి గ్రంథము వ్రాసి వైద్యపండిత బిరుదమును పొందెను. ఆ సంవత్సరమే లైడెను విశ్వవిద్యాలయమువారు ఇతనిని శరీరధర్మశాస్త్రమునకు ఆచార్యునిగా నియమించిరి. అప్పటికి ఇతనికి ఇరువదియైదేండ్లు మాత్రమే. 1886లో ఆ పదవియందు ప్రవేశించి మరణపర్యంతము అచ్చటనే యుండెను.

హృదయము కొట్టుకొనునపుడెల్ల దానియందు స్వల్పమైన విద్యుత్తు పుట్టునని కోలికర్, ముల్లర్ అను పండితులు కప్పహృదయముతో 1856లోనే కనుగొని యుండిరి. మనుష్యుని హృదయమునందలి విద్యుత్తును, శరీరమును కోయకయే చేతులనుండియు కాళ్లనుండియు గ్రహింపవచ్చునని 1887లో లండనునందలి సెయింట్ మేరీ వైద్యశాలలో అగస్టస్ వాలర్ నిరూపించెను. 1889లో స్విట్జర్లాండు దేశమందలి బాసెల్ నగరమున శరీరధర్మశాస్త్రజ్ఞుల మొదటి సార్వజాతీయ సభ కూడెను. అచ్చట వాలర్ చేసి చూపిన ప్రయోగమును చూచినవారిలో ఐంథోవెన్ ఒకడు. ఆ విద్య రోగులకు ఉపయోగపడగలదన్న ఆశ వాలర్‌నకు అప్పట్లో అంతగా లేకుండెను. ఐంథోవెన్ మాత్రము ఆ పనిని తన భుజములపై వేసికొనెను.

అందలి కష్టమెట్టిదో పాఠకులు గ్రహింపవలెను. చేతిదీపములో వేయు సాధారణపు బ్యాటరీ యొకటి ఒకటిన్నర వోల్టు బలము గలది. హృదయవిద్యుత్తు శరీరముపై చేరునప్పటికి సుమారు వోల్టులో వేయవ వంతు మాత్రమే యుండును. దీనిని మిల్లీవోల్టు అందురు. ఇంత సూక్ష్మమైన దానిని చూపుటకు అప్పుడున్న సాధనము లిప్మన్ అను ఫ్రెంచి పండితుడు నిర్మించిన పాదరసపు ఎలక్ట్రోమీటరు. మిక్కిలి సన్నని గాజుగొట్టములో పాదరసమును, దానిపై గంధకికామ్లమును ఉంచినచో, విద్యుత్తు మాఱినపుడు పాదరసపు అంచు కొంచెము పైకిని క్రిందికిని కదలును. ఆ కదలికను కదలుచున్న ఛాయాచిత్రపు పలకపై పట్టుదురు. అయితే పాదరసము బరువైనది, మందగతి గలది. హృదయవిద్యుత్తు సెకనులో నూఱవ వంతులలో పైకెగసి పడిపోవుచుండగా, పాదరసము దానిని అందుకొనలేక వెనుకబడును. అందుచే పలకపై పడిన గీత హృదయముయొక్క గీత కాదు. హృదయమును పాదరసమును కలిసి గీసిన గీత.

ఐంథోవెన్ ఇచట గణితమును ఆశ్రయించెను. మన ప్రాంతమువారికి ఈ యుక్తి ఒక దృష్టాంతముచే సులభముగా బోధపడును. కృష్ణ కాలువనుండి తూముద్వారా చేనిలోనికి నీరు పాఱుచున్నదనుకొనుడు. కాలువమట్టము చేనిమట్టముకంటె మిక్కిలి ఎత్తుగా నున్నప్పుడు చేనిలో నీరు వేగముగా పెరుగును. రెండును దగ్గఱ పడినకొలది మెల్లగా పెరుగును. కాలువ కంటికి కనబడకపోయినను, చేనిలో నీరు ఎంత ఎత్తున నున్నదో, ఎంత వేగముగా పెరుగుచున్నదో తెలిసినవాడు కాలువమట్టమును లెక్కకట్టగలడు. అట్లే పాదరసము నిలిచిన ఎత్తునకు దాని వేగమునుబట్టి తగిన మొత్తమును చేర్చినచో నిజమైన విద్యుద్బలము లభించును. ఐంథోవెన్ ఛాయాచిత్రమును సూక్ష్మముగా కొలిచి, ఒక్కొక్క బిందువునకు ఎత్తును వాలును అంకెలుగా వ్రాసి, లెక్కచేసి, ఆ అంకెలనుండి మరల క్రొత్త గీతను గీసెను. యంత్రమిచ్చిన గీతయందలి అలలకు ఎ, బి, సి, డి యను గుఱుతులుండెను. దిద్దిన గీతయందలి అయిదు అలలకు పి, క్యు, ఆర్, ఎస్, టి యని 1895లో వేఱు గుఱుతులిచ్చెను. నేటికిని లోకమందలి వైద్యులందఱు వాడుచున్నవి ఈ రెండవ అక్షరములే.

లెక్క సరిపోయినను పని ముగియలేదు. ఒక్క హృదయస్పందనమును దిద్దుటకే ఎంతో శ్రమయు కాలమును పట్టుచుండెను. రోగి మంచముకడ వేచియున్న వైద్యునికి అట్టి లెక్కలవలన ఏమి ప్రయోజనము? దిద్దుబాటు అక్కఱలేని యంత్రమే కావలెనని ఐంథోవెన్ నిశ్చయించెను. కొన్ని సంవత్సరములు కృషిచేసి 1901లో తీగ గాల్వనామీటరును ప్రకటించెను. అందు బలమైన విద్యుదయస్కాంతపు రెండు ధ్రువముల నడుమ, వీణపై తీగవలె, ఒక్క సన్నని స్ఫటికపు నారను బిగించెను. దానికి వెండిపూత పూసెను. దాని మందము మిల్లీమీటరులో వేయింట రెండు వంతులు మాత్రమే. కంటికి సులభముగా ఆననిది. ఆ నారద్వారా హృదయవిద్యుత్తు ప్రవహించినపుడు అయస్కాంతబలముచేత అది ప్రక్కకు ఒరగును. పాదరసమువలె దానికి బరువు లేదు గనుక ప్రవాహముతోపాటే కదలును. గొప్ప దీపముయొక్క వెలుగును దానిపై ప్రసరింపజేసి, సూక్ష్మదర్శినిచే దాని నీడను పెంచి, జరుగుచున్న ఛాయాచిత్రపు పలకపై పడునట్లు చేసెను. ఈ యంత్రము వచ్చిన పిమ్మట పలకపై నేరుగా పడిన గీత, మునుపు లెక్కచేసి గీసిన గీతతో సరిపోయెను. కాగితముపై అంకెలతో కనుగొన్నది సత్యమేయని ఇట్లు ఋజువయ్యెను.

ఆ యంత్రము బరువు సుమారు 270 కిలోగ్రాములు. రెండు గదులు ఆక్రమించి, నడుపుటకు అయిదుగురు మనుష్యులు కావలసియుండిరి. అయస్కాంతము వేడెక్కకుండ నీటితో చల్లార్చవలసివచ్చెను. పరీక్షకు వచ్చినవాడు రెండుచేతులను, ఎడమపాదమును ఉప్పునీటి పాత్రలలో ముంచి కూర్చుండెడివాడు. ఆ మూడు స్థానములనుండి రెండేసి చొప్పున గ్రహించుటవలన మూడు గీతలు వచ్చును. మొదటిదియు మూడవదియు కూడినచో రెండవది కావలెనని ఐంథోవెన్ చూపెను. ఈ మూడింటి సంబంధమును 1912, 1913 సంవత్సరములలో త్రిభుజరూపమున వివరించెను. అది నేడు ఐంథోవెన్ త్రిభుజమని ప్రసిద్ధి. ఈ చిన్న కూడిక గొప్ప కావలివంటిది. మూడు గీతలును లెక్కకు కుదరనిచో, కొలతయందో యంత్రమునందో పొరపాటున్నదని తెలియును.

మఱియొక ముఖ్యకార్యము ఆయన చేసినది కొలతలను స్థిరపఱచుట. ఒక మిల్లీవోల్టునకు గీత ఒక సెంటీమీటరు ఎత్తు లేవవలెను. సెకనునకు కాగితము 25 మిల్లీమీటర్లు జరుగవలెను. ఇందుచేత ఒక పట్టణమున తీసిన గీతను వేఱొక పట్టణమందలి వైద్యుడు చదువుటకు వీలయ్యెను.

యంత్రము ప్రయోగశాల విడిచి కదలలేదు. తీవ్రరోగులు వైద్యశాల విడిచి రాలేరు. ఈ చిక్కును విడదీయుటకు 1905లో ఐంథోవెన్ లైడెను వైద్యశాలనుండి తన ప్రయోగశాలవఱకు ఒకటిన్నర కిలోమీటరు దూరము టెలిఫోను తీగలద్వారా హృదయవిద్యుత్తును రప్పించెను. రోగి వైద్యశాలలోను గీత ప్రయోగశాలలోను! 1906లో ఈ విషయమును ప్రకటించుచు దానికి దూరహృదయలేఖనమని అర్థమిచ్చు పేరు పెట్టెను. నేడు తెనాలిలో తీసిన ఇ.సి.జి.ని గుంటూరునందలి వైద్యుడు తన చేతి ఫోనులో చూడగలుగుట ఆ ప్రయత్నమునకు సంతానమే.

కేంబ్రిడ్జినందలి శాస్త్రసాధనముల కంపెనీవారు ఈ యంత్రమును క్రమముగా చిన్నదిగా నిర్మించి, 1911 నాటికి బల్లపై నుంచదగినట్లు చేసిరి. లండనునందు థామస్ లూయిస్ దానితో హృదయస్పందన క్రమము తప్పు వ్యాధులను పరిశోధించి వైద్యలోకమునకు తెలియజేసెను. అట్టి శ్రమలవలననే తన యంత్రమునకు విలువ కలిగినదని ఐంథోవెన్ ఎఱుగును. 1924లో ఆయనకు వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఆ వార్త వచ్చునప్పటికి ఆయన అమెరికాలో ఉపన్యాసము లిచ్చుచుండెను.

ఆ బహుమానమును గూర్చి ఆయన చరిత్రకారులు చెప్పు కథ యొకటి కలదు. యంత్రనిర్మాణమునందు ఏండ్లతరబడి ఆయనకు తోడ్పడిన వాన్ డెర్ వూర్డ్ అను పనివాడుండెను. బహుమానము వచ్చిన పిదప ఐంథోవెన్ అతనిని వెదకించగా అతడు అప్పటికే మరణించెననియు, అతని సోదరీమణులిద్దఱు బీదల ఆశ్రయగృహమునందు కాలము గడపుచున్నారనియు తెలియవచ్చెను. ఆయన వారికి బహుమానధనములో సగము ఇచ్చెనందురు.

1886లో ఆయన వివాహమాడెను. నలుగురు సంతానము. వారిలో కుమారుడు, విల్లెం అను పేరు గలవాడే, విద్యుచ్ఛాస్త్రమున నిపుణుడై, తీగను గాలిలేని కోశములో నుంచు గాల్వనామీటరును సిద్ధపఱచి, జావాయందు బాండుంగు పట్టణపు రేడియో పరిశోధనశాలకు అధికారి యయ్యెను. తండ్రి జన్మించిన ద్వీపమునకే కుమారుడు మరల చేరెను. ఐంథోవెన్ 1927 సెప్టెంబరు 29వ తేదీన లైడెనులో దేహము చాలించెను. అప్పుడాయనకు అఱువదియేడేండ్లు.

ఆయన గతించిన పిదప యంత్రముల రీతి మాఱెను. స్ఫటికపు నారకు బదులు విద్యుత్తును పెంచు కవాటములును, తరువాత ట్రాన్సిస్టర్లును వచ్చెను. నేటి యంత్రము గీతను గీయుటకు ముందే హృదయవిద్యుత్తును సెకనునకు కొన్ని వందలసార్లు కొలిచి అంకెలుగా దాచును. బోస్టను నగరమందలి బెత్ ఇజ్రాయెల్ వైద్యశాలలో 1975 మొదలు 1979 వఱకు 47 మంది హృదయములనుండి టేపులపై తీసిన లేఖనములలో అరగంట నిడివి గల 48 భాగములను అంకెలుగా మార్చి, అచ్చటి శాస్త్రజ్ఞులు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పండితులతో కలిసి 1980లో లోకమున కందించిరి. అందు ప్రతి సెకనునకు 360 అంకెలు. ఒక భాగములో ఒక్క గీతకే సుమారు ఆఱున్నర లక్షల అంకెలు! లేఖనమునందు 1024 అను అంకె సున్న మిల్లీవోల్టునకును, 1224 ఒక మిల్లీవోల్టునకును గుఱుతు.

ఈ అంకెలను మరల విద్యుత్తుగా మార్చవలసిన అవసరము కలుగుచుండును. క్రొత్తగా చేసిన ఇ.సి.జి. యంత్రము వ్యాధిగుఱుతులను సరిగా చూపుచున్నదా యని పరీక్షించుటకు, ప్రతి దినమును వ్యాధిగ్రస్తుని తెచ్చి కూర్చుండబెట్టుట సాధ్యము కాదు. అప్పుడు అంకెలలో దాగిన హృదయమును మరల తీగలోనికి రప్పింతురు. అంకెలను విద్యుద్బలముగా మార్చు పరికరము ఒక్కొక్క అంకెకు తగిన బలమును ఇచ్చి, తరువాతి అంకె వచ్చువఱకు నిలుపును. అందుచేత మెట్లమెట్లుగా గీత వచ్చును. ఆ మెట్లను వడపోత పరికరముతో నునుపు చేయవలెను. పరికరము ఇచ్చునది సామాన్యముగా వోల్టులలో నుండును గనుక, నిరోధకములచే వేయవ వంతునకు తగ్గించి మిల్లీవోల్టులుగా చేయవలెను. లేనిచో గీత కాగితమును దాటిపోవును.

ఇచట ఐంథోవెన్ ఎదుర్కొన్న చిక్కులే మరల ఎదురగును. వడపోత మితిమీఱినచో ఆర్ అను వాడియైన శిఖరము మొద్దుబాఱును. నాటి పాదరసము చేసిన దోషమే యిది. అంకెల వేగము తప్పినచో మఱింత ప్రమాదము. సెకనునకు 250 చొప్పున వ్రాసిన అంకెలను 360 చొప్పున నడిపినచో, నిమిషమునకు 50 మాఱులు మాత్రమే కొట్టుకొనుచున్న హృదయము 72 మాఱులు కొట్టుకొనుచున్నట్లు కనబడును. మందగించిన హృదయము ఆరోగ్యముగా నున్నదని యంత్రము చెప్పును! అంకె తప్పు కాదు, గీత అందముగానే యుండును, చెప్పినది మాత్రము అబద్ధము. ఇందువలన అంకెలతోపాటు వాటిని ఏ వేగమున, ఏ కొలతతో వ్రాసిరో ఆ వివరమునుగూడ దాచుట విధియైనది. ఐంథోవెన్ స్థిరపఱచిన మిల్లీవోల్టునకు సెంటీమీటరు అను కొలతయే అంకెలు సరిగా గీతగా మాఱినవని తెలిసికొనుటకు నేటికిని ఆధారము.

విద్యార్థులారా! ఐంథోవెన్ వైద్యుడై యుండియు గణితమును విడువలేదు. గణితము తెలిసియు పనివానితో కలిసి చేతిపని చేయుటకు సిగ్గుపడలేదు. మీరు బడిలో నేర్చుకొను వాలు, నిష్పత్తి, కూడిక యనునవి ఎవరి ప్రాణమును ఏ దినమున కాపాడునో చెప్పలేము. మన వేమూరు ప్రాంతపు తల్లిదండ్రులకు ఒక మనవి. మీ ఇంటివారి ఇ.సి.జి. కాగితము చేతికి వచ్చినపుడు దాని అంచున చూడుడు. వేగము 25 మిల్లీమీటర్లు, ఎత్తు మిల్లీవోల్టునకు 10 మిల్లీమీటర్లు అని సామాన్యముగా వ్రాసియుండును. గీత మొదటనో చివరనో సరిగా పది చిన్నగళ్ల ఎత్తు గల చదరపు మెట్టు ఒకటి తఱచుగా కనబడును. అది హృదయము గీసినది కాదు, తన కొలత సరిగా నున్నదని తెలుపుటకు యంత్రము గీసినది. గీత యర్థమును వైద్యుడే చెప్పవలెను గాని, ఆ మెట్టును మీ బడిపిల్లలే గళ్లు లెక్కించి మీకు చూపగలరు.